ఇంటి రేడియో స్టేషన్‌కు లీనియర్: ఎంతలో, ఏది?

హామ్ లైసెన్సు చేతికొచ్చి, వంద వాట్ల రిగ్ టేబుల్ ఎక్కాక, కొన్నాళ్లకు దాదాపు ప్రతివాళ్లకీ లీనియర్ మీదికి, అంటే రిగ్ పవర్‌ను పెంచే యాంప్లిఫయర్ మీదికి, మనసు పోతుంది. అవతలి స్టేషన్ మనకు చక్కగా వినిపిస్తూ ఉంటుంది, మనం ఎంత పిలిచినా అతనికి అందదు. ఒకే స్టేషన్‌ను అందరూ ఒక్కసారే పిలిచే పైలప్‌లో పెద్ద స్టేషన్లు మనల్ని తోసుకుంటూ ముందుకెళ్లిపోతాయి. వేసవి చివర్లో ఉరుముల గరగరతో నిండిపోయిన 7 మెగాహెర్ట్జ్ మీద పక్క జిల్లా మిత్రుడికి మాట అందించడమే కష్టమవుతుంది. అప్పుడు యాంప్లిఫయర్ల ధరలు చూడటం మొదలవుతుంది. చేతిలో పట్టే అల్యూమినియం పెట్టె నుంచి ఇద్దరు పట్టి లేపాల్సిన పెట్టె దాకా మార్కెట్లో అన్నీ ఉన్నాయి. వాటిలో చవకైనది ఏది అన్నదానికి ధర పట్టీ జవాబు చెప్పదు. అవతలివాడి రిసీవర్‌లో మనం ఎన్ని డెసిబెళ్లు పెరిగాం, ఆ పెరుగుదలకు యాంప్లిఫయర్‌తోపాటు ఇంకేమేం కొనాల్సి వచ్చింది, పక్క బ్యాండ్లకూ పక్కింటికీ మన వల్ల ఇబ్బంది కలిగిందా: ఈ మూడూ లెక్కలోకి తీసుకుంటేనే చవకేదో తేలుతుంది.

ముందు డెసిబెళ్ల సంగతి. ఎస్-మీటర్ మీద ఒక యూనిట్ అంటే 6 డెసిబెళ్లు. వంద వాట్లను రెండొందలు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు, అంటే అర యూనిట్. నాలుగొందలు చేస్తే సరిగ్గా ఒక యూనిట్. అయిదొందలకు 7, వెయ్యికి 10, అమెరికాలో చట్టం అనుమతించే గరిష్ఠమైన 1500 వాట్లకు 12 కంటే కొంచెం తక్కువ. నాలుగొందల నుంచి పదిహేను వందలకు వెళ్లడానికి పెట్టే డబ్బు చాలా ఎక్కువ, దానికి దక్కేది ఒక యూనిట్ కూడా కాదు. అదే పది వాట్ల చిన్న రిగ్‌ను వంద వాట్లకు పెంచితే ఒక్కసారిగా 10 డెసిబెళ్లు చేతికొస్తాయి, పైగా అది అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని. నా దృష్టిలో ఈ విషయంలో అసలు సూత్రం ఇదే. మొదటి డెసిబెళ్లు చవక, చివరి డెసిబెళ్లు ఖరీదు.

చట్టం కూడా మనల్ని అటే నడిపిస్తోంది. మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సుకు హెచ్‌ఎఫ్‌లో 400 వాట్లు, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు 50 వాట్లు పరిమితి. ఎవరికి వారు తమ లైసెన్సు కాగితం మీద ఉన్న అంకెనే ఆఖరి మాటగా తీసుకోవాలి. జర్మనీలో పెద్ద లైసెన్సుకు 750 వాట్లు. బ్రిటన్ చాలాకాలం 400 దగ్గరే ఉండి, 2024లో ఫుల్ లైసెన్సు వాళ్లకు వెయ్యి దాకా వెసులుబాటు ఇచ్చింది. అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాడికి వెయ్యి వాట్ల పెట్టె అవసరమే లేదు. ఉన్నా పూర్తిగా వాడే హక్కు లేదు. అమెరికాలో స్థిరపడిన మన హామ్‌లకు 1500 దాకా దారి తెరిచే ఉంది. అయినా పై లెక్క వాళ్లకూ వర్తిస్తుంది.

యాంప్లిఫయర్ గురించి మాట్లాడే ముందు యాంటెన్నా గురించి మాట్లాడకపోతే ఈ సమీక్షకు నిజాయితీ ఉండదు. 30 మీటర్ల సన్న ఆర్‌జీ-58 కేబుల్ 28 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు రెండున్నర డెసిబెళ్లు తినేస్తుంది. అదే పొడవు ఆర్‌జీ-213 అందులో సగం కూడా తినదు. ఈ తేడా పంపేటప్పుడే కాదు, వినేటప్పుడూ కలిసొస్తుంది. యాంప్లిఫయర్ ఎంత పెద్దదైనా మన చెవికి ఒక్క డెసిబెల్ కూడా కలపదు. డైపోల్‌ను మేడ మీది పిట్టగోడ ఎత్తు నుంచి పది, పన్నెండు మీటర్ల స్తంభం మీదికి ఎక్కించడం, మంచి కామన్-మోడ్ చోక్ వేయడం, వీలుంటే రెండు, మూడు ఎలిమెంట్ల యాగీ నిలబెట్టడం — ఈ పనులు మిగిలి ఉండగా లీనియర్ కొనడం తొందరపాటే. యాంటెన్నా బాగుపడ్డాక కూడా ‘నాకు వినిపించేవాళ్లకు నేను వినిపించడం లేదు’ అన్న పరిస్థితి మిగిలితే, అప్పుడే లీనియర్ సమయం వచ్చినట్టు.

ఇక పెట్టెల్లోకి వెళ్దాం. దశాబ్దాలుగా ‘చవక లీనియర్’ అనగానే ప్రపంచమంతా చెప్పిన పేరు అమెరిట్రాన్ ఏఎల్-811. 811ఏ ట్యూబులు మూడు, చెప్పుకునే అవుట్‌పుట్ 600 వాట్లు. దాని అన్న ఏఎల్-811హెచ్‌లో నాలుగు ట్యూబులు, 800 వాట్లు. రెంటి మధ్య తేడా 1.25 డెసిబెళ్లు మాత్రమే, చెవి పట్టలేనంత. 811ఏ పాతకాలపు ఆర్‌సీఏ డిజైన్, ఒక్కో ట్యూబు ప్లేటు భరించే వేడి 65 వాట్లు మాత్రమే. కాబట్టి ఆ 600, 800 అంకెలు మాటల మధ్య విరామం దొరికే ఎస్‌ఎస్‌బీకి తప్ప, ఆగకుండా సాగే ప్రసారానికి కావు. అయినా నేను దీన్ని మెచ్చుకుంటాను. కారణం ఒక్కటే: మన 400 వాట్ల పరిమితిలో నడిపితే దీని మీద ఒత్తిడే ఉండదు. ట్యూబులు చైనా నుంచి ఇప్పటికీ దొరుకుతున్నాయి, మార్చుకోవడం బల్బు మార్చినంత సులువు.

దీన్ని పాడుచేసేది దాదాపు ఎప్పుడూ ట్యూనింగ్ తప్పే. ముందు ప్యానెల్ మీద ప్లేట్, లోడ్ అని రెండు నాబ్‌లు ఉంటాయి. బ్యాండ్ మార్చిన ప్రతిసారీ తక్కువ డ్రైవ్‌తో, రెండు మూడు సెకన్లకు మించని క్యారియర్‌తో, ఒక కన్ను గ్రిడ్ మీటర్ మీద ఉంచి, అవుట్‌పుట్ గరిష్ఠానికి వచ్చేదాకా ఆ రెంటినీ మార్చి మార్చి తిప్పాలి. గ్రిడ్ కరెంట్ ఎక్కువగా కనిపిస్తోందంటే లోడింగ్ చాలలేదని అర్థం, లోడ్ నాబ్‌ను ఇంకా పెంచాలి. కొత్తవాళ్లు ఇక్కడే తడబడి క్యారియర్‌ను అర నిమిషం అలాగే వదిలేస్తారు. ట్యూబు ప్లేట్లు ఎర్రబారతాయి. ఒక్కో బ్యాండ్‌కు నాబ్‌లు ఏ అంకె దగ్గర కుదిరాయో చీటీ రాసి పెట్టె మీద అంటించుకున్నవాళ్ల ట్యూబులు ఏళ్లకేళ్లు నడుస్తాయి.

ఒక మెట్టు పైన ఏఎల్-80బి ఉంది. ఒకే ఒక్క 3-500జడ్ ట్యూబు, వెయ్యి వాట్లు. ట్యూబు యాంప్లిఫయర్లలో గట్టి పనిమంతురాలు ఇదే. నాలుగొందల వాట్ల దగ్గర నడిపితే ఎంతసేపు నడిపినా అలసట ఎరగదు. కాకపోతే బరువు 22 కిలోల దాకా ఉంటుంది, ట్యూబు ధర కూడా 811ఏ కంటే చాలా ఎక్కువ. ఇక్కడ కొనేవాళ్లు గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. అమెరిట్రాన్ యజమాని ఎంఎఫ్‌జే ఎంటర్‌ప్రైజెస్. మార్టిన్ జూ 1972లో మిసిసిపీ రాష్ట్రం స్టార్క్‌విల్‌లో మొదలుపెట్టిన ఆ సంస్థ 2024 మే 17తో అక్కడ ఉత్పత్తి ఆపేసింది. కాబట్టి అమెరిట్రాన్ కొనేటప్పుడు వారంటీ ఎవరిస్తారు, బ్యాండ్ స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్ లాంటి భాగాలు ఎక్కడ దొరుకుతాయి అన్నవి డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో అమెరికా పాతకాపులు హీత్‌కిట్ ఎస్‌బీ-200, ఎస్‌బీ-220. మొదటిదాంట్లో 572బి ట్యూబులు రెండు, రెండోదాంట్లో 3-500జడ్‌లు రెండు. ఎస్‌బీ-200 పుట్టింది 1964లో. ప్రకటనల్లో కనిపించే 1200, 2000 వాట్లు ఇన్‌పుట్ అంకెలు, యాంటెన్నాకు చేరేది అందులో సగం పైచిలుకు. 1978లో అమెరికా ప్రభుత్వం సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియో దుర్వినియోగాన్ని అరికట్టడానికి లీనియర్లలో 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్ లేకుండా చేసింది. ఎస్‌బీ-201, 221 మోడళ్లు అలా వచ్చినవే. ఇవన్నీ కిట్లు. ఒక్కో పెట్టెనూ ఒక్కో అభిరుచిపరుడు తన ఇంట్లో టంకం పెట్టి తయారు చేశాడు. అందుకే పైకి ఒకేలా కనిపించే రెండు ఎస్‌బీ-200ల్లో ఒకటి ఆణిముత్యం, ఇంకొకటి అతుకుల బొంత కావచ్చు. మూత విప్పి చూడకుండా కొనకూడదు. యాభై ఏళ్లు దాటిన ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, వాటిని మార్చే ఖర్చు ధరలోనే కలిపి లెక్కేసుకోవాలి.

ఇంకో కీలకమైన చిక్కు వెనకవైపు రిలే జాక్‌లో ఉంది. ఈ హీత్‌కిట్లలో ఆ జాక్ మీద వంద వోల్టులకు పైగా ఉంటుంది. ఎస్‌బీ-200లో అది మైనస్ కూడా. పాత ట్యూబు రిగ్‌లలో మెకానికల్ రిలే ఉండేది కాబట్టి అది పట్టించుకునేది కాదు. ఇప్పటి రిగ్‌లలో ఆ పని చేసేది చిన్న ట్రాన్సిస్టర్. నేరుగా తగిలిస్తే మొదటి పీటీటీకే కాలిపోతుంది. మధ్యలో నాలుగు భాగాలతో అయ్యే ఒక సాఫ్ట్-కీయింగ్ సర్క్యూట్ పెట్టాలి. తక్కువ ధరకు పాత లీనియర్ తెచ్చి, లక్ష రూపాయల రిగ్‌ను పోగొట్టుకునే దారి ఇదే.

ట్యూబు పెట్టె ఏదైనా లోపల 1700 నుంచి 3000 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ఇది షాక్ కొట్టి వదిలేసే కరెంటు కాదు, ప్రాణం తీసే కరెంటు. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది. బ్లీడర్ రెసిస్టర్ దాన్ని దించేదాకా ఆగాలి, ప్లేట్ మీటర్ సున్నాకు వచ్చిందని చూడాలి, అయినా నమ్మకుండా పొడవాటి పిడి ఉన్న షార్టింగ్ కడ్డీతో హై వోల్టేజి లైన్‌ను చాసిస్‌కు తాకించాలి. ఇంట్లో చిన్నపిల్లలుండి, రేడియో ఉన్న గదికి తలుపు, తాళం లేకపోతే ట్యూబు లీనియర్ వద్దనే నా సలహా.

వోల్టేజి సమస్య మన దగ్గర ప్రత్యేకం. 3-500జడ్ ఫిలమెంట్‌కు 5 వోల్టులు కావాలి, అటూ ఇటూ అయిదు శాతం మించితే ట్యూబు ఆయుష్షు తరుగుతుంది. సాయంత్రం మోటార్లు నడిచే వేళ 200కు దిగి, అర్ధరాత్రి 250కు ఎగబాకే లైన్ల మీద ఇది చిన్న విషయం కాదు. కొనే యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు లైన్ వోల్టేజిని బట్టి మార్చుకునే ట్యాపులున్నాయా చూడాలి. లేకపోతే తగినంత సామర్థ్యమున్న స్టెబిలైజర్ ఖర్చు కూడా కలపాలి. 120 వోల్టులకు మాత్రమే చుట్టిన అమెరికా పెట్టె చవగ్గా వస్తోందని తెచ్చుకుంటే, పెద్ద స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేసరికి మిగిలేదేమీ ఉండదు. దిగుమతికి కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగమైన డబ్ల్యూపీసీ అనుమతి, కస్టమ్స్ సుంకం, ఇరవై కిలోల ఇనుముకు రవాణా ఖర్చు సరేసరి. అందుకే ఇక్కడివాళ్లకు ఇప్పటికే దేశంలోకి వచ్చి, ఏ సీనియర్ హామ్ రేడియో గదిలోనో నడుస్తున్న పెట్టెను నడుస్తుండగా చూసి కొనడం అన్నిటికంటే మంచి బేరం.

ఇప్పుడు సాలిడ్ స్టేట్. స్విచ్ వేయగానే సిద్ధం, ట్యూనింగ్ నాబ్‌లు లేవు, లోపల మహా అయితే 50 నుంచి 65 వోల్టులు. 811 తరగతి నుంచి పైకి చూస్తే అమెరిట్రాన్ ఏఎల్‌ఎస్-600లో నాలుగు ఎంఆర్‌ఎఫ్150 ఫెట్‌లతో 600 వాట్లు వస్తాయి. 2011లో వచ్చిన ఎలెక్రాఫ్ట్ కేపీఏ500 కేవలం 12 కిలోల పెట్టెలో 500 వాట్లు ఇస్తుంది, బ్యాండ్ తనంతట తానే మార్చుకుంటుంది, తప్పు జరిగితే తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. బల్గేరియాకు చెందిన అకామ్ 600ఎస్ కూడా ఆ కోవలోదే. ధర ట్యూబు పెట్టెకు రెట్టింపో ఇంకా పైనో ఉంటుంది. కానీ పదేళ్ల కాలంలో ట్యూబులు, ట్యూనింగ్ తప్పులు, బరువు లెక్కేస్తే ఆ తేడా చాలా కరిగిపోతుంది. ఒకటి మాత్రం మర్చిపోకూడదు: ట్యూబు లీనియర్‌లోని పై-నెట్‌వర్క్ కాస్త అటూ ఇటూగా ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్‌ను సర్దుకుంటుంది. సాలిడ్ స్టేట్ సర్దుకోదు, 2 దాటేసరికి పవర్ తగ్గించేస్తుంది. యాంటెన్నా సరిగా లేనివాడు దానికి తోడు పెద్ద ట్యూనర్ కూడా కొనాలి, రిగ్‌లో ఉన్న బుల్లి ట్యూనర్ లీనియర్ తర్వాత పనికిరాదు.

ఆన్‌లైన్‌లో అన్నిటికంటే తక్కువ ధరకు దొరికే రకం గురించి గట్టిగానే చెప్పాలి. 12 వోల్టుల మీద నడిచి, ఒకే పెట్టెతో ‘3 నుంచి 30 మెగాహెర్ట్జ్, 300 వాట్లు’ అని రాసుకునే సీబీ తరహా యాంప్లిఫయర్లలో చాలావాటికి లో-పాస్ ఫిల్టర్లు ఉండవు. పుష్-పుల్ సర్క్యూట్ రెండో హార్మోనిక్‌ను కొంత అణచగలదు కానీ మూడోదాన్ని కాదు. ఫిల్టర్ లేకపోతే అది అసలు సిగ్నల్‌కు పది, పదిహేను డెసిబెళ్లు మాత్రమే కింద ఉంటుంది. 7.1 మెగాహెర్ట్జ్ మీద 400 వాట్లతో మాట్లాడుతుంటే, 21.3 మెగాహెర్ట్జ్ మీద సుమారు ఇరవై వాట్లు మనకు తెలియకుండానే వెళ్తాయన్నమాట. ఆ ఇరవై వాట్లతో ఖండాలు దాటవచ్చు. అమెరికా నియమం ప్రకారం 30 మెగాహెర్ట్జ్ లోపు ఇలాంటి అనవసర ఉద్గారాలు అసలు సిగ్నల్‌కు కనీసం 43 డెసిబెళ్లు కింద ఉండాలి. అంటే 400 వాట్లకు 20 మిల్లీవాట్లు. ఇరవై వాట్లకూ ఇరవై మిల్లీవాట్లకూ మధ్య ఉన్నది ఆ ఫిల్టర్ బోర్డే. అది లేని పెట్టె ఉచితంగా వచ్చినా నా దృష్టిలో యాంప్లిఫయర్ కాదు. వీటికి మరో లోపం కూడా ఉంది. 12 వోల్టుల మీద ట్రాన్సిస్టర్లను చివరి వాట్ దాకా పిండితే ఎస్‌ఎస్‌బీ మాట చుట్టుపక్కల కిలోహెర్ట్జ్‌లలోకి చిమ్ముతుంది. మన 40 మీటర్ల బ్యాండ్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్‌లే. ఉదయం నెట్‌ల వేళ అక్కడ చిమ్మడం అంటే తోటివాళ్ల చోటు లాక్కోవడమే.

స్వయంగా చేసుకునేవాళ్లకు ఇంత మంచి కాలం ఇంతకుముందు లేదు. ఎల్‌డీమాస్ ట్రాన్సిస్టర్లు బీఎల్‌ఎఫ్188ఎక్స్‌ఆర్, ఎంఆర్‌ఎఫ్1కే50హెచ్ లాంటివి ఒక్కటే వెయ్యి వాట్లు దాటిస్తాయి. మనకు అంత అక్కర్లేదు. ఎన్‌ఎక్స్‌పీ 2018లో తెచ్చిన ఎంఆర్‌ఎఫ్300 మామూలు పవర్ ట్రాన్సిస్టర్ ప్యాకేజిలో ఉంటుంది, ఒక్కొక్కటి 300 వాట్ల తరగతి. రెంటితో 400 వాట్లు హాయిగా వస్తాయి. విద్యుత్తుకు సెల్ టవర్ల నుంచి తీసేసిన 48 వోల్టుల టెలికాం రెక్టిఫయర్లు పాత సామాన్ల మార్కెట్లో చవగ్గా దొరుకుతాయి. ఇక్కడ నా హెచ్చరిక ఒక్కటే. ట్రాన్సిస్టర్ బోర్డు ధర చూసి మొత్తం ఖర్చు అదేననుకోవద్దు. వేడిని గుంజుకునే రాగి పలక, హీట్ సింక్, ఫ్యాన్లు, ఒక్కో బ్యాండ్‌కు లో-పాస్ ఫిల్టర్, యాంటెన్నా రిలేలు, ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగితే మిల్లీసెకన్లలో డ్రైవ్ తెంచే ప్రొటెక్షన్: ఇవన్నీ కలిస్తేనే యాంప్లిఫయర్. వీటి ఖర్చు బోర్డు కంటే చాలా రెట్లు. ఇన్‌పుట్‌లో అటెన్యుయేటర్ కూడా పెట్టాలి. పవర్ 20 వాట్లకు తగ్గించి ఉంచినా కొన్ని రిగ్‌లు పీటీటీ నొక్కిన తొలి క్షణంలో వంద వాట్ల ఉబుకు విడుస్తాయి, దాన్ని తట్టుకోలేక గేటు పోతుంది.

పది వాట్లు, అయిదు వాట్ల రిగ్‌లున్న వాళ్లకు మాత్రం నా సలహాలో సందేహమే లేదు. హైదరాబాద్‌లో అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్ఎక్స్, మైక్రోబిట్ఎక్స్ రిగ్‌లు సామాన్యుడి జేబుకు హెచ్‌ఎఫ్‌ను అందుబాటులోకి తెచ్చి, ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నాయి. వాటిలోని ఐఆర్‌ఎఫ్510లు ఇచ్చే పది వాట్ల లోపు సిగ్నల్‌కు 50 వాట్ల యాంప్లిఫయర్ తోడైతే 7 డెసిబెళ్లు, వంద వాట్లదైతే 10 డెసిబెళ్లు కలుస్తాయి. హార్డ్‌రాక్-50 కిట్, షియెగూ ఎక్స్‌పీఏ125బి ఈ పని కోసమే ఉన్నాయి, రెంటిలోనూ బ్యాండ్ ఫిల్టర్లున్నాయి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్లు 50 దగ్గర ఆగాలి, ఆ 50 కూడా చాలా దూరం వెళ్తుంది.

ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ మోడ్‌లకు లీనియర్ అవసరం చాలా తక్కువ. అందులో ప్రతి 15 సెకన్ల వంతులో 12.64 సెకన్లు ఆగకుండా పూర్తి పవర్ పోతుంది. 811 ట్యూబులకు అది నేరుగా దెబ్బ. ఏ లీనియర్‌నైనా ఆ మోడ్‌లో దాని ఎస్‌ఎస్‌బీ రేటింగ్‌లో సగానికి మించి నడపకూడదు.

తుపాను వేళ పనికొస్తుందని లీనియర్ కొంటామనేవాళ్లూ ఉన్నారు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం సునామీ రోజున పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు అందించింది. అలాంటి రోజున మొదట పోయేది మెయిన్స్. మిగిలేది బ్యాటరీ, వంద వాట్ల రిగ్, ఒక తీగ. విపత్తు కోసం డబ్బు పెట్టదలచుకుంటే మంచి బ్యాటరీ మీద, సోలార్ ప్యానెల్ మీద పెట్టాలి. లీనియర్ కరెంటున్న రోజులకు.

పవర్ పెరిగితే బాధ్యతా పెరుగుతుంది. అమెరికాలో 2021 మే నుంచి హామ్‌లు కూడా తమ స్టేషన్ రేడియేషన్ పరిమితులను స్వయంగా లెక్కగట్టుకోవాలన్న నియమం వచ్చింది. చట్టం అడిగినా అడగకపోయినా, మేడ మీద మనుషులు తిరిగే చోట యాంటెన్నా చివరలు చేతికందే ఎత్తులో ఉంటే 400 వాట్లు ఎక్కించకూడదు. పక్కింటి టీవీ, కాలింగ్ బెల్, ఫ్యాన్ రెగ్యులేటర్ మన మాటకు స్పందించడం మొదలైతే ముందు చోక్‌లు, ఎర్త్ చూసుకోవాలి.

ఇక నా తీర్పు. పది వాట్ల రిగ్ ఉన్నవాళ్లు ఫిల్టర్లున్న 50 లేదా 100 వాట్ల సాలిడ్ స్టేట్ యాంప్లిఫయర్ తీసుకోండి, లైసెన్సు ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు. వంద వాట్ల రిగ్ ఉన్న జనరల్ గ్రేడ్ వాళ్లకు, డబ్బు పరిమితంగా ఉండి ట్యూనింగ్ ఓపిక ఉంటే, నడుస్తుండగా చూసి కొన్న పాత ఏఎల్-811. 811హెచ్ కోసం అదనంగా ఇవ్వనక్కర్లేదు. డబ్బు కాస్త సమకూరితే, ఇంట్లో పిల్లలుంటే 500 వాట్ల తరగతి సాలిడ్ స్టేట్. చేతిలో పనితనం, కొలిచే పరికరాలు ఉన్నవాళ్లకు రెండు ఎంఆర్‌ఎఫ్300లతో సొంత తయారీ. కేబుల్ ఇంకా ఆర్‌జీ-58 అయితే ఈ ఏడాది వీటిలో ఏదీ కొనకండి, ముందు ఆ కేబుల్ మార్చండి.